డబ్బా మీద గంటలు కాదు, లోపలి కేలరీలు చూడండి

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు, బరువు 56 కిలోలు. హనుమకొండలో టీచర్‌గా పనిచేస్తున్నాను. రెండు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశాను. ఈ ఆగస్టులో హైదరాబాద్‌లో మొదటి ఫుల్ మారథాన్, ఐదు గంటల్లో ముగించాలని ఆశ. మా రన్నింగ్ గ్రూపులో ఒకరు చెబితే మూడు స్లో రిలీజ్ సప్లిమెంట్లు మొదలుపెట్టాను. ఒకటి కార్బ్ పౌడర్. 30 గ్రాముల స్కూపు పరుగుకు ముందు ఒకటి, సీసాలో కలుపుకుని దారిలో ఒకటి తాగుతాను. ‘గంటల తరబడి నిలకడైన శక్తి’ అని డబ్బా మీద రాసి ఉంది. రెండోది కేసీన్ ప్రోటీన్. బరువు కూడా తగ్గుతుందని రాత్రి భోజనం మానేసి అదే తాగుతున్నాను. మూడోది స్లో రిలీజ్ ఐరన్ మాత్ర. ఉదయం పరుగు అయ్యాక టీతో వేసుకుంటాను. హిమోగ్లోబిన్ 11.4 ఉంది. నెలకు ఐదు వేలు దాటుతోంది. అయినా ఆదివారం లాంగ్ రన్‌లో 25 కిలోమీటర్లు వచ్చేసరికి కాళ్ళు ఆడటం లేదు, కడుపు ఉబ్బరంగా ఉంటోంది. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి జిల్లా స్థాయిలో 3000 మీటర్లు పరిగెత్తుతాడు. వాడికీ ఈ పౌడర్ ఇవ్వమంటున్నారు. ఇవ్వొచ్చా? నేను వాడేవి కొనసాగించాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

అమ్మా, ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. పరుగులో కిలో శరీర బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 56 కిలోల మీకు 25 కిలోమీటర్లకు దాదాపు 1,400 కేలరీలు కావాలి. మీరు తాగిన రెండు స్కూపులు కలిపి 60 గ్రాములు, అంటే 240 కేలరీలు. నాలుగు కిలోమీటర్లకు సరిపోతాయి. డబ్బా మీద ఎన్ని గంటలని రాసినా గ్రాము కార్బ్‌లో ఉండేది నాలుగు కేలరీలే. నెమ్మదిగా అరిగినంత మాత్రాన అవి పెరగవు.

మిగతా శక్తి ఎక్కడి నుంచి రావాలి? కొంత కొవ్వు నుంచి, ఎక్కువ భాగం కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ నుంచి. రాత్రి నిద్రలో మెదడుకు చక్కెర అందించేది కాలేయమే కాబట్టి తెల్లారేసరికి దానిలో నిల్వ సగానికి పైగా తగ్గిపోతుంది. మీరేమో శనివారం రాత్రి అన్నం మానేసి ప్రోటీన్ తాగి పడుకుంటున్నారు. ఆదివారం తెల్లవారుజామున ఒక స్కూపుతో రోడ్డెక్కుతున్నారు. 25వ కిలోమీటరు దగ్గర కాళ్ళు ఆడకపోవడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తోంది. మీరు అడిగింది స్లో రిలీజ్ సప్లిమెంట్ల గురించి. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఆందోళన కలిగించిన మాట ‘రాత్రి భోజనం మానేసి’ అన్నదే. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను. ముందు మీ కార్బ్ పౌడర్ విషయం.

ఈ తరహా పౌడర్లలో సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఐసోమాల్టులోజ్. లేబుల్ మీద పాలటినోజ్ అని కూడా ఉంటుంది. ఇది మామూలు పంచదార నుంచే తయారవుతుంది. పంచదారలో ఉన్నట్టే ఇందులోనూ ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ ఉంటాయి. కానీ రెండిటినీ కలిపే బంధం వేరు. చిన్నపేగులోని ఎంజైములు ఆ బంధాన్ని తెంచడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. అందుకే దీని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 32 దగ్గర ఉంటుంది, పంచదారకు 65 ప్రాంతంలో. తేనెలో కూడా ఇది కొద్దిగా సహజంగానే ఉంటుంది. రెండో రకం వేడి, తేమలతో ప్రత్యేకంగా మార్చిన మొక్కజొన్న పిండి.

ఈ రెండో రకం వెనుక ఒక మంచి చరిత్ర ఉంది. గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ అని పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. దానిలో ఒక రకం ఉన్న పిల్లల కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదలలేదు. తిండికీ తిండికీ మధ్య కొన్ని గంటలు గడిస్తే చాలు, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రాత్రంతా ముక్కులో గొట్టం ద్వారా గ్లూకోజ్ ఎక్కించాల్సి వచ్చేది. పచ్చి మొక్కజొన్న పిండిని నీళ్ళలో కలిపి తాగిస్తే గంటల తరబడి చక్కెర నిలకడగా ఉంటుందని 1984లో అమెరికా వైద్యులు ప్రచురించారు. ఆ కుటుంబాలకు అది నిజంగా ప్రాణం పోసిన సంగతి. ఆ పిండిని ఇంకా ఎక్కువసేపు నిలిచేలా మెరుగుపరిచే ప్రయత్నాల్లోంచి వచ్చినదే తర్వాత క్రీడాకారుల మార్కెట్లోకి చేరింది. కాబట్టి ఇదంతా మోసం అని నేను అనను. అయితే నిద్రపోతున్న పిల్లవాడి ఒంటికి కావలసినది గంటకు కొద్ది గ్రాముల చక్కెర. మారథాన్ పరిగెత్తే మనిషి కండరాలకు కావలసినది దానికి ఎన్నో రెట్లు.

పరిగెత్తేటప్పుడు పేగులకు రక్తం తగ్గుతుంది, కాళ్ళకూ చర్మానికీ మళ్ళుతుంది. ఆగస్టు ఉక్కలో ఇంకా తగ్గుతుంది. పేగులు ఆ కొద్దిపాటి రక్తంతోనే పని చేయాలి. గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే ద్వారాలు ఎంత తెరుచుకున్నా గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోతాయి. ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం ఉంది కాబట్టి రెండూ కలిపి తీసుకుంటే, అలవాటు పడ్డ వాళ్ళకు గంటకు 90 గ్రాముల దాకా వెళ్తుంది. ఇలాంటి సమయంలో నెమ్మదిగా విడిపోయే కార్బ్ ఇస్తే ఏమవుతుంది? పెళ్ళిలో వంద మంది ఆకుల ముందు కూర్చుంటే వడ్డనకు ఒక్కణ్ణే పెట్టినట్టు ఉంటుంది. వంటశాలలో అన్నం ఉన్నా ఆకులోకి రాదు. కార్బ్‌ది కూడా అదే కథ, పైగా అరగకుండా మిగిలింది పేగుల్లో కిందికి జారి నీటిని లాగుతుంది, బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. మీ ఉబ్బరానికి ఇది చాలా సంభావ్యమైన కారణం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2015లో సైక్లిస్టుల మీద చేసిన ఒక అధ్యయనంలో దీర్ఘమైన సైక్లింగ్ మధ్యలో అదే వాళ్ళకు ఒకసారి ఐసోమాల్టులోజ్, ఇంకోసారి ఫ్రక్టోజ్–మాల్టోడెక్స్‌ట్రిన్ (త్వరగా అరిగే పిండి పదార్థం) మిశ్రమం ఇచ్చి చూశారు. ఐసోమాల్టులోజ్‌తో కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చయింది. కానీ కడుపులో ఇబ్బంది పెరిగింది, వేగం తగ్గింది. మార్చిన పిండితో 2016లో వచ్చిన అధ్యయనంలోనూ కొవ్వు ఖర్చు పెరిగింది, కడుపు బాధలూ పెరిగాయి, పనితీరులో మాత్రం లాభం కనిపించలేదు. ‘మా పౌడర్‌తో కొవ్వు ఎక్కువ కరుగుతుంది’ అని ఎవరైనా చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. అయితే ఆ మాటకు మీరు ముందుగా గమ్యం చేరతారని అర్థం లేదు. కొవ్వు ఖర్చు పెరిగినంత మాత్రాన రోజు మొత్తంలో బరువు తగ్గుతారని కూడా అర్థం లేదు.

గ్రూపులో మీకు ‘షుగర్ స్పైక్’, అంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకడం, అని భయం పెట్టి ఉంటారు. కుర్చీలో కూర్చున్న మనిషికి సంబంధించిన మాట అది. పరుగు మొదలయ్యాక అడ్రినలిన్ పెరిగి ఇన్సులిన్‌ని అణిచి ఉంచుతుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. దారిలో తాగిన పంచదార నీళ్ళు మధుమేహం లేని మనిషికి హాని చేయవు. ఒక మినహాయింపు ఉంది. బయల్దేరడానికి అరగంట, ముప్పావుగంట ముందు తీపి తాగితే కొందరికి పరుగు మొదలైన పది, పదిహేను నిమిషాల్లో చక్కెర పడిపోయి తల తేలిపోతుంది. అలాంటి వాళ్ళకు పరుగుకు ముందు స్లో రిలీజ్ కార్బ్ నిజంగా ఉపయోగపడుతుంది. తక్కువ వేగంతో రోజంతా తొక్కే 200, 300 కిలోమీటర్ల బ్రెవే సైక్లిస్టులు కూడా మధ్య మధ్యలో భోజనం చేస్తూ దీన్ని వాడుకోవచ్చు. మధుమేహం ఉన్న రన్నర్లు మాత్రం ఏది వాడాలన్నా డాక్టర్‌తో మాట్లాడాకే వాడాలి. మీ విషయంలో నా మాట ఇది: సీసాలో కలపడం మానేయండి. డబ్బాలో మిగిలింది పరుగుకు ముందు, టిఫిన్‌తో పాటు, మీకు పడితే వాడి పూర్తి చేయండి. మళ్ళీ కొనక్కర్లేదు.

సీసాలో ఏం పోయాలి? లీటరు నీళ్ళలో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. పంచదారను చెంచాలతో కాకుండా వంటింటి తూకం మీద తూచండి. ఒక్కసారి తూచి గిన్నెకు గుర్తు పెట్టుకుంటే చాలు. పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉంటాయి కాబట్టి పైన చెప్పిన రెండు ద్వారాలూ వాడుకలోకి వస్తాయి. గంటకు అర లీటరు తాగితే 30 గ్రాములు. దాని మీద చిన్న మామిడి తాండ్ర ముక్కో, రెండు మూడు చిన్న ఖర్జూరాలో చేరిస్తే గంటకు 40, 45 గ్రాములు అందుతాయి. తాండ్ర మన ఆత్రేయపురం వైపు చేసేది, పీచు తక్కువ, చొక్కా జేబులో కరిగిపోదు, నోట్లో పెట్టుకుంటే నిదానంగా కరుగుతుంది. నాకు తెలిసిన చాలామంది రన్నర్లకు ఇది బాగా పడింది. నమలడం ఇబ్బందైతే రన్నర్ల ఎనర్జీ జెల్ వాడండి. ఒక్కోదానిలో 20 నుంచి 25 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, నీళ్ళతో కలిపి మింగాలి. మొదటి ముక్క ఆకలేసేదాకా ఆగకుండా 30, 40 నిమిషాల్లోనే తీసుకోండి.

ఇదంతా రేసు రోజున మొదటిసారి చేయకూడదు. పేగులకూ శిక్షణ కావాలి. రాబోయే ఆదివారం గంటకు 25, 30 గ్రాములతో మొదలుపెట్టి, కడుపు ఒప్పుకుంటే వారం వారం కొద్దిగా పెంచండి. ఐదు గంటలకు గంటకు 40 గ్రాముల చొప్పున 200 గ్రాములు, అంటే 800 కేలరీలు. ఇప్పుడు మీరు దారిలో తీసుకుంటున్నది మొత్తం 120. తేడా ఎంత ఉందో చూడండి.

నీళ్ళ గురించి ఒక హెచ్చరిక. నాలుగు గంటలు దాటి పరిగెత్తేవాళ్ళు ప్రతి స్టాల్ దగ్గరా ఆగి ఒట్టి నీళ్ళు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్ళలో, ఎక్కువ సమయం తీసుకున్నవాళ్ళలో ఇది ఎక్కువ. దాహం వేసినంతే తాగండి. లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో దాకా తగ్గితే ఫర్వాలేదు, పెరిగితే మాత్రం ఎక్కువ తాగుతున్నట్టు. ఓఆర్ఎస్ కూడా చాలామంది శక్తి కోసం తాగుతుంటారు. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. అది ఉప్పు, నీరు భర్తీ చేయడానికి తయారైంది, ఇంధనం కోసం కాదు. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని చక్కెర నిండిన డ్రింకులు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

ఇక పరుగుకు ముందు తిండి. రేసుకు ముందు రెండు రోజులు అన్నం, ఇడ్లీ, ఉప్మా, అరటిపండు, కాస్త బెల్లం ఎక్కువ తినండి. పెద్ద అథ్లెట్లకు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 12 గ్రాముల కార్బ్స్ చెబుతారు. మీ వేగానికి 7, 8 గ్రాములు చాలని నా అభిప్రాయం. ఆ రెండు రోజులూ గోంగూర, వేపుళ్ళు, పచ్చి కూరముక్కలు, జొన్నరొట్టె పక్కన పెట్టండి. మామూలు రోజుల్లో పీచు మంచిదే కానీ ఆ రోజు పేగులు ఖాళీగా ఉండటం మేలు. రేసు రోజు తెల్లవారుజామున బయల్దేరే రెండు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు. దీంతో దాదాపు 70 గ్రాముల కార్బ్స్ వస్తాయి. సాంబారు వద్దు, పల్లీ చట్నీ వద్దు. ఇడ్లీ మీద తేనె వేసుకోండి, లేదంటే చిటికెడు ఉప్పు, కొద్దిగా నెయ్యి. కాఫీ అలవాటుంటే తాగండి. అన్నట్టు, స్లో రిలీజ్ కెఫీన్ అని కూడా ఒకటి అమ్ముతున్నారు. కెఫీన్ సగం తగ్గడానికే ఒంట్లో ఐదు గంటల దాకా పడుతుంది. దాన్ని ఇంకా సాగదీయడం వల్ల చెడేది ఆ రాత్రి నిద్ర. స్లో రిలీజ్ బీటా అలనైన్ కూడా ఎవరైనా చెప్పొచ్చు. చర్మం చిమచిమలాడకుండా ఉండటానికి అలా తయారుచేస్తారు, అది పనిచేస్తుంది కూడా. కానీ బీటా అలనైన్ ఉపయోగపడేది కొన్ని నిమిషాల తీవ్రమైన శ్రమకు. మారథానర్‌కి దాని అవసరం కనిపించదు.

ఇప్పుడు రాత్రి సంగతి. పాలలోని ప్రోటీన్‌లో 80 శాతం కేసీన్, 20 శాతం వే అనే ప్రోటీన్. కేసీన్ కడుపులోని ఆమ్లానికి పెరుగులా గడ్డకట్టి నెమ్మదిగా అరుగుతుంది. వే త్వరగా అరుగుతుంది. 1997లో ఫ్రెంచి పరిశోధకులు ఈ తేడాను చూపించాక ‘రాత్రికి కేసీన్’ అనే సూత్రం పుట్టింది. వినడానికి సబబుగానే ఉంది. 2012లో నెదర్లాండ్స్‌లో చేసిన ఒక ప్రయోగంలో సాయంత్రం బరువులు ఎత్తిన యువకులు పడుకునే ముందు 40 గ్రాముల కేసీన్ తాగితే రాత్రంతా కండరాల మరమ్మతు పెరిగిందని తేలింది. మన విషయానికి మరింత దగ్గరైన అధ్యయనం 2023లో వచ్చింది. సైక్లింగ్ వ్యాయామం తర్వాత 36 మంది యువకులలో కొందరికి పడుకునే ముందు 45 గ్రాముల కేసీన్, కొందరికి అంతే వే, మిగతా వాళ్ళకు ప్రోటీన్ లేని పానీయం ఇచ్చారు. ప్రోటీన్ తీసుకున్నవాళ్ళకు లాభం కనిపించింది. కానీ కేసీన్‌కూ వేకూ తేడా లేదు. నెమ్మదిగా అరిగేదైనా, త్వరగా అరిగేదైనా రాత్రికి ఒకే ఫలితం. కావలసింది తగినంత ప్రోటీన్ అందడం. ఇవి యువకుల మీద, పెద్ద మోతాదులతో చేసినవని కూడా గుర్తుంచుకోండి.

మీకు రోజుకు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల లెక్కన 67 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి చివర్లో మిగిలిన కూర, చారు, మజ్జిగతో సరిపెట్టుకోవడం ఇప్పటికీ ఉంది. అలా తింటే ఆ లెక్క 40 కూడా దాటదు. రాత్రి భోజనంలో అన్నం ఉండాలి, గట్టి పప్పు ఉండాలి, రెండు గుడ్లో, వంద గ్రాముల పనీరో, చికెనో ఉండాలి. పనీర్ వంద గ్రాములకు దాదాపు 18 గ్రాముల ప్రోటీన్, గుడ్డుకు 6. పడుకునే ముందు గ్లాసు పాలు తాగితే కేసీన్ కూడా అందినట్టే. స్కూలు నుంచి అలసి వచ్చి వండే ఓపిక లేని రోజున ఆ పౌడర్ ఒక స్కూపు పాలల్లో కలిపి భోజనంతో పాటు తాగండి. భోజనం బదులు మాత్రం కాదు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, వారానికి 40, 50 కిలోమీటర్లు పరిగెత్తుతూ ఒక పూట తిండి తగ్గిస్తే శరీరం వేరే చోట్ల పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి ఆలస్యమవుతుంది, ఎముక బలహీనమవుతుంది, పాదాల్లో, కాలి ఎముకల్లో సన్నని పగుళ్ళు వస్తాయి, జలుబు తరచూ పట్టుకుంటుంది, నిద్ర చెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అంటే క్రీడలో శక్తి కొరత. మీ నెలసరి గురించి మీరు రాయలేదు. ఈ ఆరు నెలల్లో తేడా వచ్చి ఉంటే వయసు అనుకుని ఊరుకోకండి, గైనకాలజిస్టును కలిసి పరుగు గురించీ తిండి గురించీ కూడా చెప్పండి. బరువు తగ్గడం మారథాన్ అయ్యాక చూసుకోవచ్చు. రెండూ ఒకేసారి వద్దు. అసలు 56 కిలోలే ఉన్న మీరు ఇంకా తగ్గాల్సిన అవసరం ఉందా అన్నది కూడా అప్పుడు ఆలోచించండి.

ఐరన్ విషయం నా దృష్టిలో కార్బ్ పౌడర్ కన్నా ముఖ్యం. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి 11.4 అంటే ‘అందరికీ ఉండేదేలే’ అని వదిలేస్తారు. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే. అది తక్కువుంటే ఏ పౌడరూ మీ కాళ్ళను ఆదుకోలేదు. ముందు డాక్టర్‌ను కలిసి సీబీపీతో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. ఐరన్ నిల్వలు ఎంత ఉన్నాయో అదే చెబుతుంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, బి12 తక్కువుందా అన్నది కూడా ఆయన చూస్తారు. కారణం తెలియకుండా మాత్ర మింగడం సరికాదు.

ఇప్పుడు మీరు వేసుకుంటున్న పద్ధతిలో మూడు ఇబ్బందులు కలిశాయి. ఐరన్ ప్రధానంగా ఇంకేది చిన్నపేగు మొదటి భాగంలో. నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర చాలాసార్లు ఆ భాగం దాటాక గానీ పూర్తిగా కరగదు. కడుపులో మంట తక్కువ అనిపిస్తుంది, దానికి ఒక కారణం ఐరన్ తక్కువగా ఇంకడమే. రెండోది, కఠినమైన పరుగు తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోన్ బాగా పెరిగి పేగులో ఐరన్ దారిని మూసేస్తుంది. మూడోది టీ. అందులోని టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి. డాక్టర్ ఐరన్ వాడమంటే మామూలు మాత్రే ఇమ్మని అడగండి. ఉదయం పరుగుకు ముందు, లేదా పరుగు లేని రోజు పరగడుపున, నిమ్మరసంతో వేసుకుని టీని గంట, గంటన్నర తర్వాతకు జరపండి. ఐరన్ తక్కువున్న యువతుల మీద స్విట్జర్లాండ్‌లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. రోజూ వేసుకోవడం కన్నా రోజు విడిచి రోజు వేసుకుంటే మోతాదులో ఎక్కువ భాగం ఇంకిందని అందులో తేలింది. కడుపు బాధ ఉంటే ఈ పద్ధతి గురించి డాక్టర్‌తో మాట్లాడండి. తోటకూర, పాలకూర తింటే చాలని కొందరు చెబుతారు. తినండి, నిమ్మకాయ పిండుకుని తినండి, కానీ ఆకుకూరల ఐరన్ ఇంకేది తక్కువ. మాంసాహారులైతే వారానికి ఒకటి రెండుసార్లు మటన్ మేలు. ఫెరిటిన్ బాగానే ఉందని తేలితే మాత్ర ఆపేయాలి. అవసరానికి మించిన ఐరన్‌ని శరీరం బయటికి పంపలేదు.

ఈ పనులన్నీ చేస్తే లాంగ్ రన్‌లో మార్పు ఎప్పుడు కనిపిస్తుంది? శనివారం రాత్రి భోజనం, దారిలో పంచదార నీళ్ళ ఫలితం మొదటి ఆదివారమే తెలుస్తుంది. హిమోగ్లోబిన్ పెరగడానికి కొన్ని వారాలు, నిల్వలు నిండటానికి నెలలు పడుతుంది. ఆగస్టు లోపు అది సరిపడా పెరగకపోతే ఐదు గంటల లక్ష్యాన్ని ఐదున్నరకు మార్చుకోండి. హైదరాబాద్ కోర్సులో ఫ్లైఓవర్లు ఎక్కువ, ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ. మొదటి ఫుల్‌కి అది సులువైన చోటు కాదు.

చివరగా మీ అబ్బాయి. 3000 మీటర్లు అంటే పది, పన్నెండు నిమిషాల పరుగు. ఉదయం తిన్న టిఫిన్, కండరాల్లో ఉన్న గ్లైకోజెన్ దానికి కావలసిన దానికన్నా చాలా ఎక్కువ. పరుగు మధ్యలో కార్బ్ అవసరమే రాదు. కాబట్టి స్లో రిలీజ్ పౌడర్ వాడికి వద్దు. ఇంకో బలమైన కారణం ఉంది. సప్లిమెంట్ డబ్బాలో లేబుల్ మీద రాసిందే ఉంటుందన్న భరోసా లేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డబ్బుతో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే దాదాపు 15 శాతం వాటిలో లేబుల్ మీద లేని స్టెరాయిడ్లు బయటపడ్డాయని 2004లో ప్రచురించారు. మన దేశంలో అమ్మే 36 ప్రోటీన్ పౌడర్ల మీద 2024లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 70 శాతం వాటిలో ప్రోటీన్ లెక్క లేబుల్‌తో సరిపోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది విడుదల చేసిన మార్గదర్శకాల్లో ప్రోటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండమనే చెప్పింది. మీ అబ్బాయి రేపు రాష్ట్రస్థాయికి, జాతీయ స్థాయికి వెళ్తే డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ళు మూత్ర పరీక్ష చేయొచ్చు. నిషేధిత పదార్థం దొరికితే ‘నాకు తెలియదు, మా అమ్మ ఇచ్చింది’ అన్నా బాధ్యత అథ్లెట్‌దే. ఎప్పుడైనా ఏదైనా వాడక తప్పకపోతే, ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి సంస్థలు బ్యాచ్ వారీగా పరీక్షించిన గుర్తు ఉన్నదే కొనాలి.

వాడు పెరిగే వయసులో ఉన్నాడు. స్కూలు నుంచి నేరుగా గ్రౌండ్‌కి వెళ్తాడు కాబట్టి సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు తినడానికి సంచిలో రెండు అరటిపండ్లో, అటుకుల ఉప్మా బాక్సో పెట్టండి. ప్రాక్టీసు అయ్యాక గ్లాసు పాలు, పల్లీ చిక్కీ. రాత్రికి అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు, మీరూ వాడి పక్కనే కూర్చుని తినండి.